రెండు సూదులు

డాక్టరమ్మ కుర్చీ తిప్పుకుని ధర్మేంద్రతో మాట్లాడుతోంది. కడుపేమో సుహాసినిది. పోయిన వారం రక్తం తీసి పరీక్షకి పంపిందీ సుహాసినిదే. నాలుగు నెలలు నిండిన కడుపుతో రాజాం బస్సు కాంప్లెక్సు నుంచి ఎండలో నడిచొచ్చి, వికారం ఆపుకోవడానికి బుగ్గన ఉసిరికాయ ముక్క పెట్టుకుని కూర్చున్నదీ ఆమే. అయినా సంగతులన్నీ ఆమె నెత్తి మీదుగా పోయి మొగుడి ముందు వాలుతున్నాయి. అతని పక్కన అత్త అసిరమ్మ కొంగు నడుముకి బిగించి, కోర్టులో ప్లీడరులా సిద్ధంగా కూర్చుంది.

"సికిల్ సెల్ అని, రక్తంలో ఉండే లోపం. మీ ఆవిడకి సగమే ఉంది. సగం ఉన్నవాళ్ళకి ఏ బాధా ఉండదు, ఉన్నట్టే తెలీదు. కానీ భర్తకి కూడా సగం ఉంటే..." అంటోంది డాక్టర్ లీలారాణి.

"మేడం," అంది సుహాసిని. ఉసిరికాయ ముక్క ఇంకో బుగ్గలోకి నెట్టింది. "అదేటో నాకు సెప్పండి. మోసీది నాను."

అసిరమ్మ ఊరుకోమని కోడల్ని మోచేత్తో పొడిచింది. డాక్టరమ్మకి చెడ్డపేరు లేదు, చెయ్యి మంచిది, చర్చి పని మీద చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగిన మనిషి. కాకపోతే పెళ్ళాం రోగం మొగుడికి చెప్పడం ఆ గదిలో ఎన్నేళ్ళుగానో అలవాటు. కుర్చీ సుహాసిని వైపు తిప్పింది.

"నిజమేనమ్మా, నీకే చెప్పాలి. మీ ఇద్దరికీ సగం సగం ఉంటే, నలుగురు పిల్లల్లో ఒకరికి పూర్తి జబ్బు వచ్చే అవకాశం ఉంది. అందుకని ముందు మీ ఆయన రక్తం చూడాలి. ఆయనకి లేదనుకో, ఇంక ఏ పరీక్షా వద్దు, హాయిగా ఇంటికెళ్ళు. ఉంటే మాత్రం విశాఖపట్నంలో ఉమ్మనీరు పరీక్ష చేస్తారు. స్కానింగులో బిడ్డ ఎక్కడుందో చూసుకుంటూ, పొట్టలోకి సన్నటి పొడుగాటి సూది దింపి, బిడ్డ చుట్టూ ఉండే నీరు కాస్త తీస్తారు."

"బిడ్డకి తగుల్తాదా?"

"తగలకుండా చూస్తూనే చేస్తారు. కానీ నీకు అబద్ధం చెప్పను. కొన్ని వందల మందిలో ఒకరికి దానివల్ల కడుపు పోవచ్చు. అందుకే అవసరం లేకుండా చెయ్యకూడదు." ధర్మేంద్ర వైపు చూసి, "కింద ల్యాబ్‌లో ఇప్పుడే రక్తం ఇచ్చేసి వెళ్ళండి," అంది.

ధర్మేంద్ర నవ్వాడు. "నాకేటున్నాది మేడం? వడ్లబస్తా ఒక్కడినే ఎత్తి నెత్తినెట్టుకుంటాను."

"ఆడికెందుకమ్మా?" అసిరమ్మ అందుకుంది. "ఇది దాని అయ్య వైపు నుంచి వొచ్చుంటాది. మా ఇంటా వంటా నేదు."

"మేనరికమా మీది?"

"మరి. నా ఆడబిడ్డ కూతురే ఇది."

"అయితే మరీ చూడాలి," అంది డాక్టరమ్మ.

అసిరమ్మ చటుక్కున లేచి సంచీ చంకన పెట్టుకుంది. రేపొస్తామంది. మెట్లు దిగాక ల్యాబు ముందు నుంచి తలొంచుకుని పరుగులాంటి నడకతో పోయింది. వెనకాల ధర్మేంద్ర. ల్యాబు గుమ్మం దగ్గర సుహాసిని ఒక్కతీ కాసేపు నిలబడి, ఎవరూ తిరిగి చూడకపోయేసరికి తనూ నడిచింది.

మర్నాడు రాజాం ఎవరూ వెళ్ళలేదు. గోగునార తీసే పని మధ్యలో ఉంది. ఊరి పక్కన పారే గెడ్డలో ఊరేసిన గోగు కట్టలు సరిగ్గా మాగాయి. ఇంకొక్క రోజు ఆలస్యమైతే నార కుళ్ళిపోతుంది. ఆ వాసనకి కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు, అలవాటైనవాళ్ళకి అది పంట చేతికొచ్చిన వాసన. అసిరమ్మ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, కట్ట మొదట్లో చెక్కతో నాలుగు దెబ్బలు వేసి, నార వేళ్ళకి చుట్టుకుని సర్రున లాగుతోంది. పుల్ల ఒకవైపు, నార ఒకవైపు. కడుపుతో ఉన్న మనిషి నీళ్ళలోకి దిగకూడదని సుహాసినిని గట్టు మీద కూర్చోబెట్టారు. ఆమె జాడించిన నారని పిండి, వెదురు దండెం మీద ఆరేస్తోంది.

జగన్నాధం బండి గట్టు మీద ఆపాడు. సుహాసినికి మామగారే కాదు, తల్లికి సొంత అన్న. మెత్తగా మాట్లాడతాడు. ఊళ్ళో తగువులు ఆయన దగ్గరకొస్తాయి. గొంతు పెంచకుండానే అందరి చేతా తలూపించే విద్య ఆయనకి ఉంది.

"ఒరే ధర్మా," అన్నాడు కొడుకుతో. "మాటాడీసినాను. సుక్రోరం ఇసాపట్నం ఎల్దాం. తెలిసినోడున్నాడు, నీ పరీక్షలూ గిరీక్షలూ అడగరు. తిన్నగా దానికి సూదేసి నీరు తీసీస్తారు. పనయిపోతాది."

"మరి బావ రగతం?" అంది సుహాసిని.

జగన్నాధం ఆమె వైపు కాక దండెం వైపు చూసి జవాబిచ్చాడు. "సూడమ్మా, రాజాం ల్యాబులో ఉన్న కుర్రోడు బొబ్బిలి ఎర్రన్నకి సుట్టం. మన పిల్ల శ్రావణి సమ్మంధం ఆలతోనే కదా. పిల్ల అన్నకి రగతంలో రోగమని తెలిస్తే ఆలు గుమ్మం తొక్కుతారా? నీదైతే పరవానేదు. నువ్వు కోడలివి. బయట నుంచొచ్చిన మనిసివి."

చిన్నప్పట్నుంచీ తనని ఎత్తుకుని, నా చెల్లి కూతురని ఊరంతా తిప్పిన మామ ఆ మాట అన్నాడు. సుహాసినికి ఒళ్ళు మండిపోయింది. చేతిలో నార మెలి మెలి తిరిగి నీళ్ళు మోకాళ్ళ మీదుగా కారాయి.

"బావకి నేదని తెలిస్తే నాకా సూదే అక్కర్నేదు మావా. డాక్టరమ్మ సెప్పింది. బావ సేతిలో సిన్న సూది గుచ్చితే ఏటవుతాది? దూదెట్టుకుంటాడు. నా కడుపులో గుచ్చితే బిడ్డ పోయినా పోవచ్చు. అది సాలు, ఇది వొద్దంటావేటి?"

"వందల్లో ఒకరికే అంది కదే," అసిరమ్మ నీళ్ళలోంచే అరిచింది.

"ఆ ఒకరు నానైతే?"

ధర్మేంద్ర ఊడదీసిన గోగుపుల్లలు ఏరుకుంటూ, ఎప్పుడూ లేంది వాటిని సమానంగా పేర్చడం మొదలుపెట్టాడు.

"బావ సెయ్యి సాపిన రోజు నా కడుపు సాపుతాను," అంది సుహాసిని. "ముందు కాదు. మీరెవరెవర్తో మాటాడుకున్నా కాదు."

నార దండెం మీదకి విసిరి, చీర దులుపుకుని ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ మాటలు వెలగలేదు. అసిరమ్మ కంచాలు నేల మీద పెట్టే చప్పుడులోనే తిట్టాల్సినవన్నీ తిట్టింది. ఆడపడుచు శ్రావణి వదిన కంచంలో రెండు చేపముక్కలు ఎక్కువేసి, తల్లి చూడకుండా కళ్ళతోనే తినమంది. ఆ పిల్లకి పెళ్ళి సంగతి ఎంత ఇష్టమో ఎవరూ అడగలేదు, అది వేరే కథ.

ధర్మేంద్ర పెరట్లో చెయ్యి కడుక్కుంటూ పెళ్ళాన్ని పిలిచాడు. అతను చెడ్డవాడు కాదు. చీకటి పడితే ఒక్కతినీ బయటికి పంపడు, వాంతులైతే తల పట్టుకుంటాడు. తండ్రి మాట ఎదురుపడితే మాత్రం వెన్ను నిలబడదు.

"సూదంటే భయమేటే నీకు?"

"భయమే. నీకు నేదా?"

"నాకు సూదంటే భయమేటి? తరవాత ఆలేటి సెప్తారో అని," అని గొంతు తగ్గించాడు. "ఉందంటే? అప్పుడేటి సేస్తాం? తెలీకుండా ఉంటే కనీసం తిండన్నా తింటాం."

"నీకు తెలీదేటి బావ?" అంది సుహాసిని. ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. చాలా ఏళ్ళుగా గొంతులో ఉన్నది దానంతటదే వచ్చింది. "లక్ష్ముడికేటయింది?"

వెనక గుమ్మంలో ఏదో పడింది. అసిరమ్మ చేతిలో గంజి గిన్నె.

ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. ధర్మేంద్రకి తమ్ముడు, సుహాసిని ఈడువాడు. ఫోటో లేదు, తద్దినం నాడు కూడా 'పిల్లోడు' అనే తప్ప పేరనరు. పోయిన పసివాడి పేరు పిలిస్తే మళ్ళీ ఇంకొకరి కడుపు మీదకి వస్తాడని ఆ ఇంటి నమ్మకం. కడుపుతో ఉన్న మనిషి, సంధ్యవేళ, పెరట్లో నిలబడి ఆ పేరు అనేసింది.

"నోర్ముయ్యి," అన్నాడు జగన్నాధం లోపల్నుంచి. జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు.

"ముయ్యను మావా. నానాడితో ఆడుకున్నాను. గెడ్డలో దిగితే సాలు, గట్టెక్కి కాళ్ళు పట్టుకుని ఏడ్చీవోడు. సేతి ఏళ్ళు వాచిపోయీవి, కళ్ళు పచ్చగా ఉండీవి. మీరు వాతమన్నారు. గాలన్నారు. పోయిన వారం డాక్టరమ్మ దగ్గరికి రగతం ఇవ్వడానికి ఎల్లినప్పుడు గోడ మీద బొమ్మ సూసినాను. ఆ బొమ్మలో గుంటడు అచ్చం ఆడే. మా అయ్య వైపు నుంచి వొచ్చిందంటారేటి? లక్ష్ముడు మా అయ్య కొడుకా? నాకు మా అమ్మిచ్చింది. మా అమ్మకి ఈ ఇల్లిచ్చింది."

సుహాసిని కన్నీళ్ళు వచ్చినా తుడుచుకోలేదు. జగన్నాధం గుమ్మం దాకా వచ్చి, చెల్లెలి కూతుర్ని చూసి, అక్కడే ఆగిపోయాడు. అసిరమ్మ మాత్రం ఒంగి, ఒలికిన గంజిని అరచేత్తో ఎత్తి గిన్నెలో పోస్తోంది. మట్టి కలిసిన గంజి ఎందుకూ పనికిరాదని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పొద్దున్నే అసిరమ్మ కోడల్ని లేపి గెడ్డకి తీసుకెళ్ళింది. మంచు ఇంకా విడలేదు. అత్త నీళ్ళలోకి దిగలేదు. గట్టు మీద కూర్చుని, నిన్నటి నార చిక్కు తీస్తూ, కోడలి ముఖం చూడకుండా మాట్లాడింది.

"ఆడికి నాను వాతలెట్టినానే. పసుపుకొమ్ము కాల్సి, రెండు మోకాళ్ళ మీదా. మరిడమ్మ తల్లికి మొక్కినాను, ఎవడో సెప్పిన పసరు పోసినాను. నొప్పి తగ్గుతాదన్నారు. ఆడు నా సెయ్యే పట్టుకుని, వొద్దమ్మా, తగ్గిపోయిందమ్మా అనీవోడు. తగ్గనేదు. వాత తప్పించుకోడానికి అనీవోడు."

సుహాసిని అత్త భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తోసేస్తుందనుకుంది. తొయ్యలేదు.

"ఇది రగతంలో ఉన్నదని అప్పుడు నాకెవరన్నా సెప్తే, నా రగతం మొత్తం తీసి ఇద్దును. నీ మావకి పరువు. నాకేటి పరువు? లేసి తయారవు. ధర్మాని నాను లేపుతాను."

లేపడమంటే మామూలుగా లేపలేదు. చెంబుడు నీళ్ళు ముఖాన కొట్టింది. జగన్నాధం అడ్డం వచ్చి ఏదో అనబోతే, "ఇసాపట్నానికి తరవాతెల్దాం. ఇప్పుడు రాజాం," అని, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన జవాబు కోసం ఆగకుండా ఆటో ఎక్కింది.

రాజాం ల్యాబులో బొబ్బిలి చుట్టం కుర్రాడే ఉన్నాడు. ధర్మేంద్ర కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. సూది చూడగానే బస్తాలెత్తే మనిషి చెవులు ఎర్రబడ్డాయి. సుహాసిని అతని రెండో చెయ్యి పట్టుకుంది. నవ్వొచ్చింది, ఆపుకుంది.

"అయిపోయిందా?" అన్నాడు ధర్మేంద్ర. "ఇంతేనా?"

"ఇంతే," అన్నాడు కుర్రాడు.

"ఇప్పుడు నాకు," అని అసిరమ్మ కుర్చీలో కూర్చుంది. తర్వాత వెంట తెచ్చిన శ్రావణిని కూర్చోబెట్టింది. కుర్రాడు సీసాల మీద పేర్లు రాస్తూ అదోలా చూశాడు. "ఏటి సూస్తావురా? బొబ్బిలి కబురెట్టాలా? ఎట్టు. మా ఇంటిల్లపాదీ ఇచ్చినారని ఎట్టు. పేర్లు తప్పు రాయకు," అంది అసిరమ్మ.

రెండ్రోజులకి కబురొచ్చింది. ధర్మేంద్రకి సగం ఉంది. అసిరమ్మకీ ఉంది. శ్రావణికీ ఉంది. కడుపులో సూది ఇక తప్పనిదే అయింది.

తప్పనిదయ్యాక సుహాసినికి భయం రెండింతలైంది గానీ కోపం పోయింది. ఇప్పుడది తన మీదకి నెట్టిన సూది కాదు. విశాఖపట్నం ఆసుపత్రిలో నర్సు కాగితం తెచ్చినప్పుడు, అలవాటు చొప్పున ధర్మేంద్ర పెన్ను కోసం చెయ్యి చాపాడు. "మీది కాదండీ, ఆవిడది. ఆవిడకి అర్థమయ్యాక ఆవిడే పెట్టాలి," అంది నర్సు. చదివి వినిపించింది. పుట్టేది ఆడో మగో చెప్పరని, అడగకూడదని కూడా వినిపించింది. సుహాసిని ఒక్కో మాట దగ్గరా ఆపి, మళ్ళీ చెప్పించుకుని, సంతకం చేసింది.

బల్ల మీద పడుకుంటే పొట్ట మీద చల్లటి జిగురు రాశారు. తెర మీద బిడ్డ చెయ్యి కదిలింది. ఏదో అడ్డం వచ్చినట్టు, దాన్ని తోసుకుంటున్నట్టు. డాక్టరు మందుతో పొట్ట తుడిచి, "కదలకమ్మా, ఊపిరి మామూలుగా పీల్చు," అన్నాడు. సూది దిగడం చీమ కుట్టినంతే. ఆ తర్వాతది కొత్త. లోపల ఎవరో వేలితో అదిమినట్టు, కడుపంతా ఒక్క పిడికిలై బిగుసుకున్నట్టు. సుహాసిని కళ్ళు మూసుకోలేదు. తెర మీద సూది సన్నటి తెల్లగీతలా ఉంది, బిడ్డ దానికి దూరంగా ఓ మూల ముడుచుకుని ఉంది. అక్కడే ఉండు, అక్కడే ఉండు అని లోలోపల బతిమాలుకుంది. గొట్టంలోకి లేత పసుపు రంగు నీళ్ళు వచ్చాయి. సూది బయటికొచ్చింది. డాక్టరు మళ్ళీ స్కానింగు పెట్టి గుండె కొట్టుకోవడం చూపించాడు. అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి, ఎవరేమనుకున్నా సరేనని.

రెండ్రోజులు బరువులెత్తొద్దని, నీరు కారినా, రక్తం కనిపించినా, జ్వరమొచ్చినా వెంటనే రమ్మని చెప్పి పంపారు. ఫలితానికి రెండు వారాలు పట్టొచ్చు. ఫోను నంబరు అడిగితే ధర్మేంద్ర తనది చెప్పబోయి, పెళ్ళాం వైపు చూసి ఆగాడు. సుహాసిని తన నంబరు చెప్పింది.

తిరుగు దారిలో కారు ముందు సీటులోంచి జగన్నాధం, వెనక్కి తిరక్కుండా అడిగాడు. "పూర్తిగా ఉందంటే ఏటి సేద్దాం?"

ఎవర్ని అడిగాడో తెలీలేదు. అసిరమ్మ కోడల్ని మోచేత్తో పొడిచింది. ఈసారి మాట్లాడమని.

"వొచ్చినాక నన్నడుగు మావా. నాకూ బావకీ తెలిసినాక, నాను సెప్తాను. అందాకా ఎవరూ నా కడుపు మీద తీర్పులు సెప్పొద్దు."

జగన్నాధం అద్దంలోంచి కోడలి ముఖం చూశాడు. "సరే," అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం సుహాసినికి కొత్త.

ఫలితం రాకముందే బొబ్బిలి వాళ్ళు వచ్చారు. కబురు పెట్టకుండా వచ్చారంటేనే ఎందుకొచ్చారో తెలిసిపోయింది. ఎర్రన్న అరుగు మీద కూర్చుని, ఇచ్చిన టీ ముట్టుకోలేదు. పక్కన అతని భార్య గౌరి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, తల ఎత్తకుండా కూర్చుంది. పిలగాణ్ణి తీసుకురాలేదు.

"ఏవేవో ఇంటన్నాం జగన్నాధం," అని మొదలుపెట్టాడు ఎర్రన్న. "మీ ఇంట్లో అందరికీ రగతం రోగమని. అబద్ధమని నువ్వొక్క మాటను. మనం మగోళ్ళం, ఆ మాట సాలు నాకు."

తలుపు వెనక శ్రావణి చెయ్యి సుహాసిని చేతిని గట్టిగా పట్టుకుంది. అబద్ధమంటే పెళ్ళి నిలుస్తుంది. ఒక్క మాట. మామ ఆ మాట అనేస్తాడనే సుహాసిని అనుకుంది, ఇన్నాళ్ళూ అన్నదే కాబట్టి. జగన్నాధం గొంతు సవరించుకున్నాడు.

"నిజమే ఎర్రన్నా. నా కొడుక్కి సగమున్నాది, నా కూతురికి సగమున్నాది. సగముంటే మనిసికేటవదు. రెండు సగాలు కలిస్తేనే. నాకో కొడుకు పోయినాడు, లక్ష్ముడు," అన్నాడు. "అందుకని మీ పిలగాడి రగతం కూడా సూపించండి. ఆడికి నేకపోతే మీకూ మాకూ ఏ సిక్కూ నేదు."

"మగపిలగాడికి పరీక్షేటి?" ఎర్రన్న లేచి నిలబడ్డాడు. "పిల్లనిచ్చీవోలు పిలగాడి రగతం అడుగుతారా? ఎక్కడన్నా ఉందా? లెగవే, పోదాం."

"నానిచ్చినాను మావా," అన్నాడు ధర్మేంద్ర. "సీమ కుట్టినంతే."

సుహాసిని తలుపు తీసుకుని అరుగు మీదకొచ్చింది. పొట్ట మీద కొంగు సర్దుకోలేదు. "మా ఇంట్లో ముందు నన్నొక్కదాన్నే సూది గుచ్చుకోమన్నారు. నానొప్పుకోనేదు. శ్రావణికీ అదే మాట. పిలగాడు సెయ్యి సాపకపోతే ఈ గుంటని మేమే ఇవ్వం."

"లెగు," అన్నాడు ఎర్రన్న భార్యతో.

గౌరి లేవలేదు. మొగుడు రెండోసారి అన్నా లేవలేదు. తలెత్తి సుహాసినిని చూసింది. ఆ కళ్ళ కింద ఎన్నో రాత్రుల నిద్ర బాకీ ఉంది.

"సలికాలం వొస్తే కాళ్ళు పట్టుకుని ఏడవడం... కళ్ళు పచ్చబడడం... అదేనేటమ్మా ఇది?"

"ఒసే!" అన్నాడు ఎర్రన్న.

"అదేనమ్మా," అంది సుహాసిని. "మీకెవరు?"

"నా సిన్నపాప," అంది గౌరి. "బొబ్బిల్లో ఎవరికీ సెప్పనేదు. వాతమని ఇంట్లోనే పెట్టినారు. అది ఇంకా బతికే ఉన్నాదమ్మా. ఎక్కడికి తీసుకెల్లాలో సెప్పు."

సుహాసిని పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. ఎర్రన్న గుమ్మం దిగి, వీధిలో నిలబడి, భార్య కోసం ఎదురుచూశాడు. లోపల్నుంచి అసిరమ్మ ఇంకో గ్లాసు టీ తెచ్చి గౌరి చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున్నే పాపని రాజాం తీసుకొచ్చీండి," అంది సుహాసిని. "నానుంటాను."